హాహ్వేలో శరత్కాలపు పండుగ: ఏది ఊరు, ఏది కొలుపు, ఏది ఉత్సవం?

ఏటా సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే కొరియాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు పెట్టే ఫోటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. వరిగడ్డి కప్పిన ఇళ్లు, మట్టిగోడల మధ్య సన్నటి దారి, చెక్క ముఖాలు పెట్టుకుని ఎగురుతున్న మనుషులు, రాత్రిపూట నది మీద రాలుతున్న నిప్పురవ్వలు. ఫోటోల కింద అడిగే ప్రశ్నలూ అవే. ఇది నిజంగా మనుషులుండే ఊరా, సినిమా సెట్టింగా? యునెస్కో గుర్తింపు ఊరికొచ్చిందా, నాట్యానికొచ్చిందా? కొరియన్ల పౌర్ణమి పండుగ చుసోక్ అంటే ఇదేనా? జవాబు చెప్పేవాళ్లు కూడా అన్నీ కలిపేసి చెబుతుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎందుకంటే అక్కడ మూడు నాలుగు వేరువేరు సంగతులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి, పైనుంచి చూసేవాళ్లకు అదంతా ఒకే పండుగలా కనిపిస్తుంది.

అందుకని ఒక్క ఊరినే తీసుకుని విప్పి చూద్దాం. దక్షిణ కొరియా తూర్పు భాగంలో, ఉత్తర గ్యోంగ్‌సాంగ్ రాష్ట్రంలో, ఆందోంగ్ నగరానికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న హాహ్వే. ఈ ఊరు అర్థమైతే మిగతా ఊళ్ల సంగతి తేలిగ్గానే తెలుస్తుంది.

"పాత ఊరు" అన్నప్పుడు ఏ రకం పాత ఊరు?

కొరియాకు వచ్చే పర్యాటకులకు "సంప్రదాయ గ్రామం" అని చూపించే చోట్లు నిజానికి మూడు రకాలు. ముందు ఇది తెలియకపోతే తర్వాత ఏదీ అర్థం కాదు.

మొదటి రకం, కట్టిన ఊరు. సియోల్‌కు దక్షిణాన యోంగిన్‌లో 1974లో తెరిచిన కొరియన్ ఫోక్ విలేజ్ ఇలాంటిది. దేశంలోని వేరువేరు ప్రాంతాల ఇళ్లను విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టారు, కొన్నిటిని పాత పద్ధతిలో కొత్తగా కట్టారు. టికెట్ కొని వెళ్తాం, సాయంత్రానికి గేటు మూసేస్తారు. కొరియన్ చారిత్రక సీరియళ్లలో మనం చూసే వీధులు చాలావరకు ఇక్కడివే. కొరియన్లు దీన్ని "మిన్సోక్‌చోన్" అంటారు.

రెండో రకం, నగరంలో మిగిలిన పాత పేట. సియోల్‌లోని బుక్‌చోన్, దక్షిణాన జోంజులోని హనోక్ గ్రామం. హనోక్ అంటే కొరియా సంప్రదాయ ఇల్లు. బుక్‌చోన్ 600 ఏళ్ల నాటిదని రాస్తుంటారు. పేట పాతదే, కానీ ఈరోజు అక్కడ వరసగా కనిపించే ఇళ్లలో ఎక్కువ భాగం 1920లు, 30లలో పెద్ద స్థలాలను ముక్కలు చేసి నగర అవసరాలకు తగ్గట్టు కట్టినవి. దాంతో వాటి విలువేమీ తగ్గదు, కాకపోతే ఇవి రాజుల కాలపు ఇళ్లని మాత్రం అనుకోకూడదు.

మూడో రకం, ఉన్నచోటే ఉంటూ వచ్చిన ఊరు. హాహ్వే, గ్యోంగ్‌జు దగ్గరి యాంగ్‌డోంగ్, అసాన్ దగ్గరి ఒయెఆమ్, సున్‌చోన్ దగ్గర రాతి ప్రహరీ లోపలున్న నగన్ ఉప్‌సోంగ్ ఈ రకం. వీటిని "మిన్సోక్ మాఉల్" అంటారు. చోన్ అన్నా మాఉల్ అన్నా ఊరనే అర్థం, అసలు గందరగోళం అక్కడే పుడుతోంది. ఇక్కడ గుమ్మం ముందు చెప్పులున్నాయంటే లోపల ఎవరో భోంచేస్తున్నారని అర్థం. నగన్‌లోనూ ఒయెఆమ్‌లోనూ కూడా శరత్కాలంలో ఉత్సవాలు జరుగుతాయి. ఒయెఆమ్ ఉత్సవం వరిగడ్డి చుట్టూ తిరుగుతుంది: తాళ్లు పేనడం, బుట్టలు, చెప్పులు అల్లడం. వరి కోసి గడ్డి చేతికొచ్చిన రోజుల్లోనే అది జరగడంలో ఒక న్యాయం ఉంది.

నది చుట్టి వచ్చే ఊరు

హాహ్వే అన్న పేరుకు అర్థమే "నీరు చుట్టి తిరిగే చోటు". నక్దోంగ్ నది ఊరిని మూడు వైపులా చుట్టి పోతుంది. నదికి అవతల బుయోంగ్దే అనే కొండచరియ, ఇవతల ఇసుక తిన్నె, దాన్ని ఆనుకుని పైన్ చెట్ల తోపు. మధ్యలో ఎత్తుగా ఉన్న చోట పెంకుటిళ్లు, వాటి చుట్టూ గడ్డి కప్పిన ఇళ్లు. నేల మధ్యలోంచి నది వైపుకు వాలుగా ఉంటుంది కాబట్టి ఇళ్లన్నీ ఒకే దిక్కుకు చూడవు.

పెంకుటిళ్లు యాంగ్‌బాన్‌లవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది. జోసోన్ రాజ్యంలో చదువు, పదవి, భూమి చేతిలో ఉన్న పై వర్గం పేరు యాంగ్‌బాన్. హాహ్వే యాంగ్‌బాన్‌లు పుంగ్‌సాన్ ర్యూ వంశంవాళ్లు, ఈరోజుకీ ఊళ్లో వాళ్లదే పెద్ద వంశం. 1592లో జపాన్ దండెత్తాక సాగిన యుద్ధంలో ప్రధాన మంత్రిగా పనిచేసిన, నౌకాదళంలో యి సున్‌షిన్ అనే సేనాపతిని ముందుకు తెచ్చిన ర్యూ సోంగ్‌ర్యోంగ్ ఈ ఇంటివాడే. అయితే ఊరు ర్యూలతో మొదలవలేదు. "హో వాళ్ల స్థలం, ఆన్ వాళ్ల వాకిలి, ర్యూ వాళ్ల విందు" అనే అర్థంలో అక్కడ ఒక పాత మాట ఉంది. మొదట హో వంశం, తర్వాత ఆన్ వంశం, చివరికి ర్యూలు. మాస్కుల కథలో హో ఇంటిపేరు మళ్లీ వస్తుంది.

గడ్డి ఇళ్లలో ఉన్నవాళ్లు సేద్యం చేసేవాళ్లు, పెద్దిళ్లలో పనివాళ్లు. ఇలా ఒకే ఊళ్లో రెండు లోకాలు పక్కపక్కనే ఉండేవి. రెంటికీ వాటి వేడుకలు వాటికుండేవి, ఈనాటి పండుగలో మనం చూసేది ఆ రెంటినీ కలిపి.

యునెస్కో ముద్ర ఒకటి కాదు

మన రామప్ప గుడికి 2021లో వచ్చింది "ప్రపంచ వారసత్వం" అనే గుర్తింపు. అది స్థలానికి, కట్టడానికి ఇచ్చేది. అదే ఏడాది కోల్‌కతా దుర్గాపూజకు వచ్చింది వేరే జాబితాలోది. అది మనుషులు చేసే పనికి, పాటకు, ఆటకు, ఆచారానికి ఇచ్చేది, చేతితో పట్టుకోలేని వారసత్వం. ఈ రెంటినీ విడిగా చూస్తే హాహ్వే సంగతి సులువు.

హాహ్వే, యాంగ్‌డోంగ్ ఊళ్లను రెంటినీ కలిపి 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అంటే ఇళ్లు, దారులు, పొలాలు, కొండ, నది, వాటి అమరిక. ఊరి పక్క కొండ వెనకున్న బ్యోంగ్సాన్ సోవన్ అనే కన్ఫ్యూషియన్ విద్యాలయం (చైనా తాత్వికుడు కన్ఫ్యూషియస్ బోధనలు నేర్పేది) 2019లో దేశంలోని మరో ఎనిమిది విద్యాలయాలతో కలిసి అదే జాబితాలోకి వెళ్లింది, అది వేరే దరఖాస్తు. మాస్కుల నాట్యానికి 2022లో చేతితో పట్టుకోలేని వారసత్వంగా గుర్తింపు వచ్చింది. అది కూడా హాహ్వే ఒక్కదానికి కాదు. "తల్చుమ్" అనే మొత్తం మాస్కు నాటక సంప్రదాయానికి, దేశమంతటా ఉన్న 18 రకాలకు కలిపి వచ్చింది. హాహ్వే ఆట అందులో ఒకటి.

మరి పండుగకు? ఆందోంగ్ అంతర్జాతీయ మాస్కు నాట్యోత్సవం 1997లో మొదలైంది, అది యునెస్కో జాబితాలో లేదు. "యునెస్కో గుర్తించిన పండుగ" అని ఎక్కడైనా చదివితే, రాసినవాళ్లు ఆటకొచ్చిన ముద్రను ఉత్సవానికి వేసేశారని అర్థం.

ఇంకో చిన్న చిక్కు. పాత పుస్తకాల్లో హాహ్వే మాస్కులను "జాతీయ నిధి 121" అనీ, ఆటను "అమూర్త సంపద 69" అనీ రాసి ఉంటుంది. మాస్కులకు ఆ హోదా 1964లో, ఆటకు 1980లో వచ్చింది. ఆ అంకెలు చేర్చిన వరస మాత్రమే, గొప్పదనానికి ర్యాంకులు కావు. జనం వాటిని ర్యాంకులే అనుకుంటున్నారని 2021లో కొరియా ప్రభుత్వం నంబర్లు వాడటం మానేసింది. 2024లో ఆ శాఖ పేరు కూడా మారింది, "సాంస్కృతిక ఆస్తి" అనే మాట తీసి "జాతీయ వారసత్వం" అన్నారు. అందుకే పాత బోర్డు, కొత్త బోర్డు, గైడు మాట మూడూ మూడు రకాలుగా ఉంటాయి.

చలికాలపు కొలుపు శరత్కాలంలోకి ఎలా వచ్చింది

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే, చాలామంది దాటేసి వెళ్లిపోయేదీ ఇదే.

హాహ్వే ఆట పూర్తి పేరు "హాహ్వే బ్యోల్శిన్‌గుత్ తల్నోరి". తల్ అంటే మాస్కు, నోరి అంటే ఆట. బ్యోల్శిన్ అంటే విశేషమైన దేవత. గుత్ అంటే... తెలుగులో దీనికి వెతుక్కోనక్కర్లేదు, కొలుపు. ఊరి దేవతను పిలిచి, ఆడి పాడి, తృప్తిపరచి, ఊరికి మంచి జరగాలని కోరుకుని సాగనంపే కార్యం. ఆ ఆట ఈ కొలుపులో ఒక భాగం, అంతే.

కొలుపు ఎప్పుడు జరిగేది? చాంద్రమాన సంవత్సరం మొదటి నెలలో, అమావాస్య దాటిన మర్నాటి నుంచి పౌర్ణమి దాకా, అంటే గడ్డకట్టే చలిలో. అదీ ఏటా కాదు. మూడేళ్లకో, అయిదేళ్లకో, పదేళ్లకో, దేవత కావాలని అడిగిందని ఊరివాళ్లకు తెలిసినప్పుడే. పూజారిని "సాంజు" అంటారు. ఆయన కొండ మీది గుడి దగ్గర గంట కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని ప్రార్థిస్తాడు, గంట మోగితే దేవత దిగివచ్చినట్టు. ఆ కర్రతో అందరూ ఊళ్లోకి దిగుతారు. వధువు మాస్కు వేసుకున్నవాడు దేవతకు ప్రతిరూపం, అందుకని నేల మీద కాలు పెట్టకుండా ఇంకొకరి భుజాల మీద వస్తాడు. ఇవాళ వేదిక మీద మొదటి సన్నివేశంలో వధువు భుజాలెక్కి రావడం చూసి జనం "ఎంత బాగా బ్యాలెన్స్ చేస్తున్నాడో" అనుకుంటారు. అక్కడ జరుగుతున్నది దేవత ఊరేగింపు.

ఆ దేవత ఎవరన్నదానికి ఒక కథ చెబుతారు. హో ఇంటి కుర్రాడికి కలలో మాస్కులు చెక్కమని ఆజ్ఞ అయింది, పని పూర్తయ్యేదాకా ఎవరి కంటా పడకూడదు. తలుపు మూసుకుని, ఎవరూ రాకూడదని గడపకు తాడు కట్టుకుని చెక్కుతున్నాడు. అతన్ని ప్రేమించిన అమ్మాయి ఉండబట్టలేక కాగితం తలుపుకు చిల్లు పెట్టి చూసింది. అంతే, కుర్రాడు రక్తం కక్కుకుని చనిపోయాడు. అప్పుడు చేతిలో ఉన్నది ఇమే అనే అమాయకుడి మాస్కు, దానికి గడ్డం ఇంకా చెక్కలేదు. ఈరోజుకీ ఇమే మాస్కుకు కింది దవడ ఉండదు. దిగులుతో అమ్మాయీ పోయింది, ఊరివాళ్లు ఆమెను గ్రామదేవతగా నిలుపుకున్నారు. అర్ధాంతరంగా పోయిన ఆడపిల్లను పేరంటాలుగా కొలవడం తెలుసున్న మనకు ఇది దూరపు కథలా అనిపించదు.

కథ కథే. మాస్కులు మాత్రం నిజంగానే పాతవి, జోసోన్‌కు ముందటి కొర్యో రాజ్యం నాటివని పండితుల అంచనా. ఆల్డర్ చెక్కతో చేసి, పైన నల్ల లక్కపూత, రంగులు వేశారు. కొరియాలో చాలాచోట్ల ఆట అయ్యాక మాస్కులను కాల్చేసేవారు. హాహ్వేవాళ్లు కాల్చకుండా ఊళ్లోనే దాచుకున్నారు, అందుకే మనదాకా వచ్చాయి. మొత్తం 14 ఉండేవంటారు, మూడు పోయాయి, ఇప్పుడు 11 ఉన్నాయి.

కొలుపు చివరిసారి 1928లో జరిగింది. జపాన్ పాలన, తర్వాత యుద్ధం, తర్వాత పల్లెలు వదిలి నగరాలకు వలస, మళ్లీ జరగనేలేదు. 1964లో మాస్కులను ఊరివాళ్లు భద్రత కోసం సియోల్ జాతీయ మ్యూజియంలో పెట్టారు. 1970లలో ఆందోంగ్ కుర్రాళ్లు కొందరు ఒక సంఘంగా చేరి ఆటను తిరిగి నిలబెట్టాలనుకున్నప్పుడు, 1928లో చిన్నవాడిగా వధువు వేషం వేసిన ఒక వృద్ధుడు ఇంకా బతికే ఉన్నాడు. ఆయన జ్ఞాపకమే వాళ్లకు బడి. ఏ అడుగు ఎటు, ఏ మాట ఎవరిది, కర్ర ఎవరు పట్టుకోవాలి అన్నీ ఆయన్ని అడిగి, మిగిలింది పరిశోధకుల రాతలతో సరిచూసుకుని అల్లుకున్నారు. ఆయన ఇంకో పదేళ్లు ముందే పోయి ఉంటే ఈ వ్యాసం రాయడానికి విషయమే ఉండేది కాదు. ఇది తలచుకున్నప్పుడల్లా గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది.

అలా తిరిగి లేచిన ఆటకు 1980లో హోదా వచ్చింది, 1997లో ఆందోంగ్ నగరం దాని చుట్టూ ఉత్సవం పెట్టింది. ఉత్సవానికి శరత్కాలం ఎంచుకోవడానికి కారణం దాచేదేమీ కాదు. ఆకాశం తేటగా ఉంటుంది, పొలాలు పసుపు రంగులో ఉంటాయి, సెలవులుంటాయి, జనం కదులుతారు. జనవరి, ఫిబ్రవరి చలిలో ఆరుబయట గంటలసేపు కూర్చోమంటే ఎవరొస్తారు?

ఒక సన్నివేశం విప్పి చూస్తే

కొరియన్ రానివాళ్లు కూడా ఆటలో నవ్వుతారు, కానీ ఎక్కువగా నడకలకూ ఊపులకూ. మాటల్లో ఉన్నదేమిటో తెలిస్తే ఆట వేరేగా కనిపిస్తుంది.

యాంగ్‌బాన్, సోన్బి అని రెండు పాత్రలు. సోన్బి అంటే చదువుకున్న పండితుడు. ఇద్దరికీ బునే అనే సొగసుకత్తె మీద కన్ను. తగువు మొదలవుతుంది. యాంగ్‌బాన్ అంటాడు, నేను "సదేబు" వంశంవాణ్ణి అని. సదేబు అంటే పండిత అధికారి అని గౌరవమైన మాట, కానీ అందులో "స" అన్న శబ్దానికి కొరియన్‌లో నాలుగు అనే అర్థం కూడా ఉంది. సోన్బి ఊరుకుంటాడా? అయితే నేను "పల్దేబు" వంశంవాణ్ణి అంటాడు. పల్ అంటే ఎనిమిది. అలాంటి మాటే లేదు, నాలుగుకు రెట్టింపు చేశాడంతే. యాంగ్‌బాన్ కూడా నిజమా అనుకుని తడబడతాడు.

తర్వాత చదువు. నేను నాలుగు గ్రంథాలు, మూడు శాస్త్రాలు చదివానని యాంగ్‌బాన్. అవి నిజంగా ఉన్న కన్ఫ్యూషియన్ పాఠ్యగ్రంథాలు. నేను ఎనిమిది గ్రంథాలు, ఆరు శాస్త్రాలు చదివానని సోన్బి. ఆ ఆరు శాస్త్రాలేమిటయ్యా అని యాంగ్‌బాన్ అడిగితే, యాంగ్‌బాన్ ఇంటి పనివాడు చొరేంగి నాకు తెలుసంటూ మధ్యలో దూరతాడు. శాస్త్రానికి మాట "గ్యోంగ్", అదే శబ్దంతో ముగిసే మాటలన్నీ వరసగా అప్పజెబుతాడు. మొదటిది నిజమైన బౌద్ధ గ్రంథం. రెండోది సన్యాసి పారాయణం. మూడోది గుడ్డివాడి కళ్లజోడు. నాలుగోది మందుల కొట్లో దొరికే ఒక వేరు. అయిదోది ఆడపిల్ల నెలసరి. ఆరోది పాలేరుకిచ్చే ఏడాది జీతం. ఇంట్లో పనివాళ్లకు కూడా తెలిసిన ఆరు శాస్త్రాలు యాంగ్‌బాన్‌కు తెలియవా అని సోన్బి దెప్పుతాడు.

అంతలో కసాయి వస్తాడు, చేతిలో ఎద్దు వృషణాలు, మగతనానికి మంచివని అమ్ముతుంటాడు. అప్పటిదాకా వంశం, శాస్త్రం మాట్లాడిన ఇద్దరు పెద్దమనుషులూ నాదంటే నాదని వాటిని పట్టుకుని లాక్కుంటారు. హల్మి అనే ముసలమ్మ వచ్చి, నా జన్మలో ఇలాంటి పోట్లాట చూడలేదని ఇద్దరినీ ఆడిపోసుకుంటుంది.

ఈ ఆట ఆడింది గడ్డి ఇళ్లవాళ్లు. ఎగతాళి చేసింది పెంకుటిళ్లవాళ్లను. ఖర్చు పెట్టుకుంది, ధాన్యం ఇచ్చింది, తమ వాకిట్లో ఆడనిచ్చింది ఆ పెంకుటిళ్ల ర్యూలే! కొలుపు రోజుల్లో మాస్కు పెట్టుకున్నవాడి మాటకు శిక్ష ఉండేది కాదు. ఇది ఎందుకు సాగిందన్నదానికి రెండు వివరణలున్నాయి. ఒకటి, ఏళ్ల తరబడి పేరుకున్న కోపానికి కొన్ని రోజులు దారి ఇస్తే మిగతా ఏళ్లు ఊరు నెమ్మదిగా ఉంటుందని పెద్దలు తెలిసే ఇచ్చారని. రెండోది, దేవత పేరు మీద జరిగేదాన్ని ఆపే ధైర్యం వాళ్లకూ లేదని, కిందివాళ్లు ఆ చోటును తమ బలంతోనే నిలుపుకున్నారని. రెండిట్లో ఒకదాన్నే ఎంచుకోవాలని నాకనిపించదు. అయినా చివరి కొలుపు జరిగినన్నాళ్లూ పాలేరు జీతం మాత్రం వేదిక మీద ఆరో శాస్త్రంగానే ఉండిపోయిందన్నది గుర్తుంచుకోవాలి.

మాస్కుల పనితనం గురించి ఒక్క మాట. యాంగ్‌బాన్, సోన్బి, సన్యాసి, కసాయి మాస్కులకు దవడ విడిగా చేసి తాడుతో కట్టారు. ఆడేవాడు తల వెనక్కి వాల్చితే నోరు తెరుచుకుని ముఖమంతా నవ్వుతుంది, తల దించితే పెదాలు కలిసి కోపంగా మారుతుంది. ఒకే చెక్క, రెండు ముఖాలు. ముందు వరసలో కూర్చుంటే ఇది బాగా తెలుస్తుంది.

నిప్పురవ్వల రాత్రి ఎవరిది?

ఉత్సవం రోజుల్లో శనివారం రాత్రులు హాహ్వే నది ఒడ్డున జరిగే "సోన్యు జుల్‌బుల్ నోరి"కి ఇప్పుడు విపరీతమైన గిరాకీ. పైన్ తోపు నుంచి నది మీదుగా బుయోంగ్దే కొండచరియ మీదికి తాళ్లు కట్టి, బొగ్గుపొడి కూరిన కాగితపు గొట్టాలను వాటికి వేలాడదీస్తారు. అంటిస్తే నెమ్మదిగా కాలుతూ గంటకు పైగా నది మీదికి రవ్వలు రాలుతూనే ఉంటాయి. మధ్యలో జనం అందరూ ఒక్క గొంతుతో "నఖ్వాయా" అని అరుస్తారు, పువ్వు రాలుతోంది అని. అప్పుడు కొండ మీంచి మండుతున్న పైన్ కొమ్మల మోపు కిందికి వదులుతారు. ఆ చప్పుడు, ఆ వెలుగు ఫోటోకు అందవు.

ఇది మాస్కుల ఆటలో భాగం కాదు. ఇది పెంకుటిళ్లవాళ్ల వేడుక, ర్యూ పండితులు చాంద్రమానం ఏడో నెల పౌర్ణమి మర్నాటి రాత్రి పడవల్లో తిరుగుతూ పద్యాలు కట్టుకునే విహారం. అంటే వేసవి చివరిది. తాళ్లు కట్టడం, గొట్టాలు కూరడం, కొండెక్కి మోపులు వదలడం గడ్డి ఇళ్లవాళ్ల పని. చలికాలంలో కిందివాళ్లు ఆడేది ఒకటి, వేసవిలో పైవాళ్లు చూసేది ఒకటి, ఈ రెండూ ఇప్పుడు ఒకే వారంలో ఒకే కార్యక్రమపత్రంలో పక్కపక్కన అచ్చవుతున్నాయి.

చుసోక్‌కూ దీనికీ సంబంధమేంటి?

నేరుగా ఏమీ లేదు. చుసోక్ చాంద్రమానం ఎనిమిదో నెల పౌర్ణమి. ఇంటికి వెళ్లి, కొత్త బియ్యంతో సోంగ్‌ప్యోన్ అనే పిండివంట వండుకుని, పెద్దలకు పెట్టుకుని, సమాధులు శుభ్రం చేసుకునే కుటుంబ పండుగ. మాస్కు ఉత్సవం ఇంగ్లిషు క్యాలెండరు ప్రకారం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట పెడతారు. కొన్నేళ్లు రెండూ దగ్గర పడతాయి, కొన్నేళ్లు దూరం.

ఉదాహరణకు 2024లో చుసోక్ సెప్టెంబరు 17న, ఉత్సవం సెప్టెంబరు 27 నుంచి, మధ్యలో పదిరోజుల ఎడం. 2025లో చుసోక్ అక్టోబరు 6కు జరిగింది, ఉత్సవం దానికి ముందు రోజు, అక్టోబరు 5న ముగిసింది. 2026లో చుసోక్ సెప్టెంబరు 25. మన పంచాంగంతో పోల్చి చూసేవాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి ఉంది. 2023లో చుసోక్ మన భాద్రపద పౌర్ణమి రోజే వచ్చింది. 2025లో మాత్రం ఆశ్వయుజ పౌర్ణమికి పడింది. కారణం అధిక మాసం. వాళ్లకూ మనకూ అధిక మాసాలున్నాయి, కానీ అన్నిసార్లూ ఒకే ఏడాది రావు. 2025లో వాళ్లకు ఆరో నెల రెండుసార్లు వచ్చింది, మనకు ఆ ఏడాది అధిక మాసం లేదు. అందుకని "చుసోక్ అంటే మన భాద్రపద పౌర్ణమే కదా" అని టికెట్లు కొంటే కొన్నేళ్లు నెల తేడా వస్తుంది. చుసోక్ నాడు, దాని ముందూ వెనకా రైళ్లన్నీ నిండిపోతాయి, ఊళ్లో ఇళ్లు సొంత మనుషులతో కిక్కిరిసి ఉంటాయి.

మరి ఇది అసలైనదేనా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను కొట్టిపారేయకూడదు. కొంతమంది జానపద పరిశోధకుల బాధ న్యాయమైనది. దేవత పిలవకుండానే ఆట జరుగుతోంది. రోజుల తరబడి సాగే కార్యంలోంచి గంటసేపటి సన్నివేశాలు తీసి వేదిక మీద పెడుతున్నారు. పదేళ్లకోసారి వచ్చేది కాబట్టి ఉన్న గాంభీర్యం, ఏడాదిలో ఎక్కువ నెలలు వారం వారం ఆడేసరికి పోతుంది. పైగా ప్రభుత్వం ఒక రూపాన్ని "ఇదే సరైనది" అని నమోదు చేశాక, ఆడేవాడు ఆ రోజుకు తగ్గ మాట కొత్తగా అనే స్వేచ్ఛ తగ్గిపోతుంది. కొలుపులో మాత్రం ఊరి తాజా సంగతుల మీద చురకలు పడేవి.

ఆడేవాళ్ల జవాబు కూడా అంతే బరువైనది. 1928 తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఎవరూ ఆడలేదు. శుద్ధంగా ఉంచుదామని కూర్చుంటే శుద్ధంగానే మాయమయ్యేది. జనం చూస్తేనే కుర్రాళ్లు నేర్చుకుంటారు, నేర్చుకున్నవాళ్లుంటేనే ఏదో ఒక రోజు మళ్లీ పూర్తి కొలుపు చేయగలిగేది. నా మనసు వీళ్ల వైపే మొగ్గుతుంది. అయితే మొదటివాళ్లు చెప్పేది మర్చిపోతే, వధువు భుజాలెక్కి రావడం ఎందుకో కొన్నాళ్లకు ఆడేవాడికే తెలియకుండా పోతుందన్న భయమూ ఉంది.

మాస్కుల విషయంలోనూ ఇలాంటి వాదనే నడిచింది. వేదిక మీద వాడేవి నకళ్లు. అసలువి 1964 నుంచి సియోల్‌లో ఉండిపోయాయి, వాతావరణం అదుపులో ఉండే గదిలో క్షేమంగా. ఊరి దేవత మాస్కులు ఊరికి రెండు వందల కిలోమీటర్ల దూరాన ఎందుకని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. 2017 చివర్లో అవి ఆందోంగ్ మ్యూజియానికి వచ్చాయి. 53 ఏళ్ల తర్వాత నది దగ్గరికైతే చేరాయి, ఊళ్లోకి ఇంకా కాదు.

అక్కడ ఉండేవాళ్లకు

1999లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన 73వ పుట్టినరోజున హాహ్వే వచ్చింది, ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది, 2010 తర్వాత జనం మరీ పెరిగారు. గది అద్దెకిచ్చేవాళ్లకు, అన్నం పెట్టేవాళ్లకు దాంతో బతుకుతెరువు దొరికింది. కానీ అదే ఊళ్లో తలుపు తీసి లోపలికి తొంగిచూసే అపరిచితులతో విసిగిపోయినవాళ్లూ ఉన్నారు, వారసత్వ ఊరు కాబట్టి సొంత ఇంటికి చిన్న మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతులు కావాలి. ఇద్దరి మాటా నిజమే, చాలాసార్లు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

ఈ సమస్య ముదిరితే ఎక్కడిదాకా వెళ్తుందో బుక్‌చోన్ చూపించింది. అక్కడ బాగా రద్దీగా ఉండే వీధుల్లో సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 10 దాకా పర్యాటకులు రాకూడదని 2024 నవంబరులో ఆంక్ష పెట్టారు, 2025 మార్చి నుంచి అతిక్రమిస్తే లక్ష వోన్ల (కొరియా కరెన్సీ) జరిమానా. కట్టిన ఊరైన యోంగిన్‌లో ఈ చిక్కు రాదు, గేటు మూసేశాక అక్కడ నిద్రపోయేవాళ్లు లేరు కాబట్టి.

అదే 2025 మార్చిలో పక్క మండలం ఉయిసోంగ్‌లో అంటుకున్న కార్చిచ్చు గాలికి ఎగిరి ఆందోంగ్‌ను చుట్టేసింది. గోఉన్సా అనే ప్రాచీన బౌద్ధాలయం చాలావరకు కాలిపోయింది. హాహ్వేవాళ్లను ఇళ్లు ఖాళీ చేయమన్నారు. అగ్నిమాపక దళాలతో పాటు ఊరివాళ్లు కొందరు రాత్రంతా గడ్డి కప్పుల మీద, పైన్ చెట్ల మీద నీళ్లు కొడుతూ ఉన్నారు. ఊరు దక్కింది. ఎండిన వరిగడ్డి కప్పుకున్న ఇంటికి ఒక్క రవ్వ చాలు. అలాంటి ఊళ్లో ఆ ఏడాది సెప్టెంబరులోనే ఉత్సవం మళ్లీ మొదలైంది.

ఉత్సవం అయిపోయి, కుర్చీలు ఎత్తేసి, వరి కోతలు ముగిశాక, కొత్త గడ్డి వస్తుంది, కప్పులు మారుస్తారు. తర్వాత చలి. చాంద్రమానం మొదటి నెల పౌర్ణమికి, మనకది మాఘ పౌర్ణమో ఫాల్గుణ పౌర్ణమో అవుతుంది, ఊరివాళ్లు ఇప్పటికీ కొండ మీది గుడికి వెళ్లి ఆ అమ్మాయికి పూజ చేసి వస్తారు. మాస్కులు ఉండవు, వేదిక ఉండదు, టికెట్ ఉండదు. కార్యక్రమపత్రంలో దాని పేరే ఉండదు.